తేనె అసలైనదేనా? ఏ పువ్వుదో తెలుసుకునేదెలా?

దివ్యఖుర్ఆన్‌లోని 16వ సూరాకు తేనెటీగ పేరే ఉంది. అన్ నహ్ల్. ఆ సూరాలోని 68, 69 ఆయతుల్లో అల్లాహ్ తేనెటీగకు కొండల్లో, చెట్లలో, మనుషులు కట్టే పందిళ్లలో గూళ్లు చేసుకోమనీ, అన్ని రకాల ఫలపుష్పాల నుంచి ఆహారం గ్రహించమనీ సూచించినట్లు తెలియజేశాడు. దాని కడుపు నుంచి రంగురంగుల పానీయం వస్తుందనీ, అందులో మానవులకు స్వస్థత ఉందనీ సెలవిచ్చాడు. ఈ రెండు ఆయతులు మన ఇళ్లలో చాలామందికి కంఠస్థమే. అందుకే జలుబు చేసినా, కడుపు నొప్పి వచ్చినా, రమజాన్‌లో సహరీకి కూర్చున్నా తేనె సీసా వైపు చెయ్యి వెళుతుంది.

అయితే బజారు నుంచి తెచ్చిన ఆ సీసాలో ఉన్నది ఆ పానీయమేనా? లేక పంచదార పాకమా? ఈ సందేహం ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది. దీనికి జవాబుగా సెల్‌ఫోన్లలో తిరిగే వీడియోల్లో పది రకాల పరీక్షలు చూపిస్తుంటారు. నీళ్లలో వేయండి, అగ్గిపుల్లకు రాయండి, కాగితం మీద చుక్క పెట్టండి అంటారు. ఆ పరీక్షల్ని ఒక్కొక్కటిగా పరిశీలిస్తే మాకు తేలిందేమంటే, వాటిలో చాలావాటికి కల్తీని పట్టే శక్తి లేదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. అవి నిజాయితీపరుడి తేనెను కల్తీదని చూపించగలవు. మోసగాడి సరుకును అసలైనదని చూపించగలవు. అప్పుడు మనం డబ్బు పోగొట్టుకోవడంతో ఆగం. ఏ పాపమూ ఎరుగని వ్యాపారి మీద నింద కూడా వేసినవాళ్లమవుతాం.

గ్లాసు నీళ్లు, అగ్గిపుల్ల, చీమలు

మొదట తేనె అంటే ఏమిటో చూద్దాం. అందులో సుమారు 80 శాతం చక్కెరలే. వాటిలో ప్రధానమైనవి ఫ్రక్టోజ్, గ్లూకోజ్. నీరు 17, 18 శాతం ఉంటుంది. మిగిలిన కొద్ది భాగంలో ఎంజైములు, ఆమ్లాలు, ఖనిజాలు, పుప్పొడి, సువాసననిచ్చే పదార్థాలు ఉంటాయి. పువ్వులోని మకరందంలో ఉండే చక్కెరను తేనెటీగ తన కడుపులోని ఎంజైముతో ఫ్రక్టోజ్, గ్లూకోజ్‌లుగా విడగొడుతుంది. తర్వాత గూటిలో రెక్కలతో విసిరి విసిరి నీటిని ఆవిరి చేస్తుంది. తేనె పండగానే మైనంతో మూత వేస్తుంది.

ఫ్యాక్టరీలో తయారయ్యే పాకంలోనూ ఉండేది అదే ఫ్రక్టోజ్, అదే గ్లూకోజ్. దాని చిక్కదనాన్ని కూడా తేనెతో సమానంగా తయారుచేస్తారు. ఇక గ్లాసు నీళ్లలో చుక్క వేస్తే ఏం తేలుతుంది? చిక్కగా ఉన్నది ఏదైనా అడుగుకు దిగుతుంది. పలుచగా ఉన్నది ఏదైనా కరిగిపోతుంది. నీళ్లు గానీ పలుచటి చక్కెర నీళ్లు గానీ కలిపిన నాటు మోసాన్ని మాత్రమే ఆ గ్లాసు పట్టగలదు. అగ్గిపుల్ల, దూది వత్తి పరీక్షలదీ ఇదే కథ. తేమ తక్కువుంటే వత్తి మండుతుంది, ఎక్కువుంటే చిటపటలాడుతుంది. తేనె అయితేనే మండాలన్న నియమం నిప్పుకు లేదు, చిక్కటి పాకమైనా మండుతుంది. కాగితం మీద చుక్క, బొటనవేలి మీద చుక్క, ఇవన్నీ తేమనే చూస్తాయి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే మన దేశ ఆహార భద్రతా ప్రాధికార సంస్థ, ఇంటి పరీక్షల కోసం వేసిన చిన్న పుస్తకంలోనూ గ్లాసు, వత్తి పరీక్షలు ఉన్నాయి. అవి చక్కెర నీళ్లు కలిపారా అన్నదానికే తప్ప ఫ్యాక్టరీ పాకానికి కావు.

చీమలు పట్టకపోతే అసలైన తేనె అని మన పెద్దలు అనేవారు. చీమకు తీపి కావాలి, అది తేనెలోనూ ఉంది. మూత సరిగా పెట్టని అసలు తేనె సీసా చుట్టూ చీమల బారు కనిపించడంలో వింతేమీ లేదు. కుక్క ముట్టదన్న మాట కూడా ఇలాంటిదే. పళ్లెంలో తేనె పోసి, నీళ్లు పోసి ఊపితే తేనెపట్టు గదుల ఆకారాలు ఏర్పడతాయనీ, తేనెకు తన గూడు గుర్తుంటుందనీ చెప్పే వీడియో ఒకటి బాగా తిరిగింది. చిక్కటి ద్రవం మీద పలుచటి ద్రవం కదిలితే అలాంటి గళ్లు ఏర్పడతాయి. పాకంతోనూ ఏర్పడతాయి. అల్లాహ్ సృష్టిలోని అద్భుతాలను చాటడానికి ఇలాంటి అబద్ధాల సాయం అక్కర్లేదు.

తాగాక జబ్బు తగ్గింది కాబట్టి అసలైనదేననీ, తగ్గలేదు కాబట్టి కల్తీదనీ తీర్పు చెప్పేవారూ ఉన్నారు. తన సోదరుడి కడుపు నొప్పి గురించి చెప్పుకోవడానికి వచ్చిన వ్యక్తికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తేనె తాగించమని చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అతను తగ్గలేదంటూ మళ్లీ మళ్లీ వచ్చాడు. ప్రతిసారీ ప్రవక్త (స) ఆ మాటే చెప్పారు. చివరికి నయమయింది. అక్కడ మధ్యలో తగ్గకపోవడాన్ని తేనె తప్పుగా ఎవరూ లెక్కించలేదు.

గడ్డకట్టిన తేనె చేసిన నేరమేమిటి?

చలికాలంలో సీసా అడుగున తెల్లగా, రవ్వలా పేరుకుంటుంది. పంచదార కలిపాడని దుకాణదారుతో తగాదాకు దిగుతారు. నిజానికి గడ్డకట్టడం తేనె సహజ గుణం. గ్లూకోజ్ ఎక్కువగా ఉన్న తేనె త్వరగా పేరుకుంటుంది, ఫ్రక్టోజ్ ఎక్కువగా ఉన్నది ఆలస్యంగా పేరుకుంటుంది. మన ప్రాంతంలో పండే పొద్దుతిరుగుడు తేనె, ఉత్తరాదిలో వచ్చే ఆవపూల తేనె కొన్ని వారాల్లోనే గట్టిపడతాయి. పొద్దుతిరుగుడు చేల దగ్గర పెట్టెలు పెట్టి నిజాయితీగా తేనె తీసిన రైతు ఈ అపోహ వల్ల ఎంత నష్టపోతాడో ఆలోచించండి. ఇలాంటి ఫిర్యాదులకు భయపడే కొందరు తేనెను బాగా కాచి, వడగట్టి అమ్ముతారు. అలా కాచినకొద్దీ దానిలోని ఎంజైములు దెబ్బతింటాయి. అంటే మన అపోహే మంచి తేనెను చెడగొడుతోంది.

గట్టిపడిన సీసాను చేతికి వెచ్చగా తగిలే నీళ్లలో కాసేపు ఉంచితే మళ్లీ కరుగుతుంది. పొయ్యి మీద పెట్టనక్కర్లేదు.

దీనికి వ్యతిరేక సమస్య అడవి తేనెతో వస్తుంది. కొండ చరియలకు, ఎత్తయిన చెట్లకు పెద్ద పెరలు పెట్టే కొండ తేనెటీగ, పుట్టల్లోనూ చెట్టు తొర్రల్లోనూ ఉండే పుట్టతేనె ఈగ, పొదల్లో చిన్న పెర పెట్టే జుంటి తేనెటీగ మన అడవుల్లో ఉన్నాయి. వీటి తేనెలో తేమ ఎక్కువ. వాన ముసురులో తీసినదైతే మన ప్రమాణాల్లో ఉన్న 20 శాతం పరిమితిని దాటడం మామూలే. అది పలుచగా ఉంటుంది. గ్లాసులో వేస్తే త్వరగా కరుగుతుంది. కొన్నాళ్లకు నురగ కట్టి పులుపెక్కుతుంది. ఏజెన్సీ గ్రామాల ఆదివాసీలు ప్రాణాలకు తెగించి తాళ్ల మీద వేలాడుతూ తీసిన తేనె మన గ్లాసు పరీక్షలో ఓడిపోతుంది. ఫ్యాక్టరీ పాకం నెగ్గుతుంది! ఈ ఆదివాసీల నుంచి తేనె కొని, శుద్ధి చేసి అమ్మడం 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చేసే పనుల్లో ఒకటి.

ప్రయోగశాలలో జరిగేదేమిటి?

అసలు పరీక్ష ప్రయోగశాలలో జరుగుతుంది. అక్కడా ఒకే ఒక్క పరీక్షతో పని కాదు. ఎందుకంటే పరీక్ష కనిపెట్టేవారికి, మోసం కనిపెట్టేవారికి మధ్య కొన్ని దశాబ్దాలుగా పరుగుపందెం నడుస్తోంది.

పూర్వం బెల్లం పాకం, పంచదార పాకం కలిపేవారు. తేనెలో మామూలు చక్కెర, అంటే సుక్రోజ్, 5 శాతానికి మించకూడదన్న నియమంతోనే వాళ్లు దొరికిపోయేవారు. తర్వాత పంచదారను ఆమ్లంతో ముందే విడగొట్టి కలపసాగారు. అలా కాచినప్పుడు హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పుడుతుంది. దాన్ని రంగు మార్పుతో పట్టే పరీక్ష వచ్చింది. కిలోకు 80 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి పెట్టారు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. మన ఎండలకు ఎక్కువ కాలం నిల్వ ఉన్న అసలు తేనెలో కూడా హెచ్‌ఎంఎఫ్ పెరుగుతుంది. కాబట్టి ఆ అంకె ఒక్కదాన్నే చూసి కల్తీ అని తేల్చడం న్యాయం కాదు.

ఆ తర్వాత మొక్కజొన్న పాకం వచ్చింది. దీన్ని పట్టిన విధానం ఎంతో చక్కనిది. చెరకు, మొక్కజొన్న మొక్కలు గాలి నుంచి కర్బనాన్ని తీసుకునే తీరు వేరు. తేనెటీగలు వాలే చెట్లలో, మొక్కల్లో చాలావాటి తీరు వేరు. అందువల్ల వాటి చక్కెరల్లో బరువైన కర్బనం పాలు తేడాగా ఉంటుంది. మొదటి రకాన్ని శాస్త్రవేత్తలు సి4 మొక్కలనీ, రెండో రకాన్ని సి3 మొక్కలనీ అంటారు. తేనెలో సి4 చక్కెర 7 శాతం దాటితే చెరకు పాకమో, మొక్కజొన్న పాకమో కలిసినట్లే. నమిలి మింగినా, కరిగించినా, కాచినా ఆ గుర్తు చెరిగిపోదు.

మోసగాళ్లు ఊరుకున్నారా? బియ్యం, బీట్‌దుంప సి3 మొక్కలు. వాటి పాకం ఈ పరీక్ష కన్నుగప్పింది. దాన్ని పట్టడానికి బియ్యం పాకంలో ఉండే ప్రత్యేక గుర్తుల కోసం వేరే పరీక్షలు వచ్చాయి. ఆ గుర్తుల్ని కూడా తీసేసిన పాకాలు బజారులోకి వచ్చాయి.

2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బయటపెట్టిన విషయం ఇదే. ఆ సంస్థ దేశంలో అమ్ముడయ్యే 13 బ్రాండ్ల తేనెను పరీక్షించింది. మన దేశ ప్రమాణాల ప్రకారం చేసిన పరీక్షల్లో పెద్ద పేరున్నవి దాదాపు అన్నీ నెగ్గాయి. అవే తేనెలను జర్మనీలోని ప్రయోగశాలలో ఎన్‌ఎంఆర్ అనే పరీక్షకు పెడితే 13లో 3 మాత్రమే నిలిచాయి. 50 శాతం దాకా పాకం కలిపిన నమూనాలు కూడా ఇక్కడి పరీక్షలు దాటిపోయాయని ఆ సంస్థ తెలిపింది. కంపెనీలు ఈ ఆరోపణను ఒప్పుకోలేదు. ఇది ఒక్క మన దేశపు జబ్బు కాదు. ఐరోపా సమాఖ్య బయటి దేశాల నుంచి వచ్చిన 320 తేనె నమూనాలను పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించినప్పుడు వాటిలో 46 శాతం అనుమానాస్పదమని తేలింది.

ఎన్‌ఎంఆర్ పరీక్షలో బలమైన అయస్కాంత క్షేత్రంలో తేనెను ఉంచి, దానిలోని వందలాది పదార్థాల ముద్రను ఒకేసారి తీస్తారు. మనిషి వేలిముద్ర లాంటిది అనుకోండి. ఆ ముద్రను వేలకొద్దీ అసలు తేనెల ముద్రలతో పోల్చి చూస్తారు. అమెరికాకు వెళ్లే మన తేనెకు 2020 ఆగస్టు 1 నుంచి దీన్ని తప్పనిసరి చేశారు. ఆనాటికి దేశంలో మనం తినే తేనెకు మాత్రం ఆ నియమం లేదు. మంచి సరుకు పరదేశానికీ, మిగిలింది మనకూ అన్న పాత అలవాటు గుర్తుకొస్తుంది. ఈ పరీక్షకూ ఒక పరిమితి ఉంది. పోల్చే భాండాగారంలో మన అడవుల పుట్టతేనె ముద్రే లేకపోతే అసలు తేనె కూడా దానికి అపరిచితంగానే కనిపిస్తుంది.

చెట్టు వాసన తేనెలో

కల్తీ సంగతి ఇలా ఉండగా, ఇది ఏ పువ్వు తేనె అన్నది ఇంకో ప్రశ్న. ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. దైవప్రవక్త (స) తమ సతీమణులలో ఒకరి ఇంట తేనె సేవించేవారు. బుఖారీలోని ఒక ఉల్లేఖనంలో హజ్రత్ జైనబ్ (రజి) పేరు, మరో ఉల్లేఖనంలో హజ్రత్ హఫ్సా (రజి) పేరు ఉన్నాయి. మిగతా సతీమణులలో కొందరు ముందే అనుకుని, ఆయన (స) దగ్గర మఘాఫీర్ వాసన వస్తోందన్నారు. తేనె తాగానని ఆయన (స) చెబితే, ఆ తేనెటీగలు ఉర్ఫుత్ చెట్టు మీద వాలి ఉంటాయన్నారు. ఉర్ఫుత్ అంటే తుమ్మ జాతికి చెందిన ముళ్ల చెట్టు. దాని జిగురే మఘాఫీర్, వాసన బాగుండదు. ఇక ఆ తేనె తాగనని ఆయన (స) నిశ్చయించుకోవడం, దానిపై సూరా అత్ తహ్రీం తొలి ఆయత్ అవతరించడం మనకు తెలిసినదే. ఈ సంఘటనలోని ధర్మ విషయాలు వేరే పాఠం. ఇక్కడ మేము ఎత్తి చూపదలచింది ఒకటే. ఈగ వాలిన చెట్టు గుణం తేనెలోకి వస్తుందన్న సంగతి ఆనాటి మదీనా ఇళ్లలో మామూలు మాటల్లోనే ఉండేది.

వాసన, రుచి, రంగు నేటికీ తొలి సాక్షులే. అనుభవం ఉన్నవారు వాటితోనే చాలావరకు చెప్పగలరు. కానీ వేల రూపాయలు పెట్టి కొనే తేనెకు అది సరిపోదు. అందుకు పుప్పొడి పరీక్ష ఉంది. సుమారు 10 గ్రాముల తేనెను నీళ్లలో కరిగించి, యంత్రంలో గిర్రున తిప్పుతారు. అడుగున చేరిన పుప్పొడిని సూక్ష్మదర్శిని కింద పెట్టి గింజలు లెక్కిస్తారు. ఒక్కో మొక్క పుప్పొడిది ఒక్కో ఆకారం. పొద్దుతిరుగుడు గింజ గుండ్రంగా ఉండి చుట్టూ ముళ్లుంటాయి. నీలగిరి చెట్టుది ముక్కోణం. తుమ్మ జాతి చెట్లలో చాలావాటికి 16 గింజలు ఒకే ముద్దగా అతుక్కుని ఉంటాయి. కంటికి పసుపు ధూళిలా కనిపించే దానిలో ఇంత వివరం పెట్టిన సృష్టికర్త ఎంత పరిశుద్ధుడు!

ఒకే మొక్క పుప్పొడి 45 శాతం దాటితే ఆ పువ్వు పేరు పెట్టవచ్చన్నది ఈ శాస్త్రంలో మామూలు లెక్క. కానీ దాన్ని గుడ్డిగా వాడకూడదు. బత్తాయి, నిమ్మ తోటల తేనెలో వాటి పుప్పొడి తక్కువే ఉంటుంది. నీలగిరిలో లెక్కకు మించి ఉంటుంది. అందుకే రంగు, విద్యుత్తును ప్రవహింపజేసే శక్తి, చక్కెరల నిష్పత్తి, సువాసన పదార్థాలు అన్నీ కలిపి చూసి నిర్ణయిస్తారు. పుప్పొడిని పూర్తిగా వడగట్టేసి తేనె పుట్టిన చోటును దాచేవారున్నారు. బయటి నుంచి పుప్పొడి తెచ్చి కలిపేవారూ ఉన్నారు. న్యూజిలాండ్ తన మనూకా తేనె పేరును కాపాడుకోవడానికి 2017లో నాలుగు రసాయన గుర్తులు, ఒక డిఎన్‌ఎ గుర్తు కలిపి ప్రమాణం ప్రకటించింది. ఆ ఐదూ ఉంటేనే మనూకా అన్న పేరుతో ఎగుమతి చేయాలి. ఇంకో మాట. దుకాణాల్లో అకేషియా అన్న పేరుతో అమ్మే తేనె మన తుమ్మచెట్టుది కాదు. అది కొండ ప్రాంతాల్లో పెరిగే రోబీనియా అనే వేరే చెట్టు పూలది.

సిద్ర్ పేరుతో వచ్చే సీసా

మన ఇళ్లకు ఎక్కువగా సంబంధించింది సిద్ర్ తేనె. ఉమ్రా నుంచి, గల్ఫ్ ఉద్యోగాల నుంచి వచ్చేవారు తెస్తారు. హైదరాబాద్ అత్తరు దుకాణాల్లోనూ దొరుకుతుంది. సిద్ర్ అంటే రేగు జాతి చెట్టు. సిద్రతుల్ మున్‌తహా ప్రస్తావన వల్లా, స్వర్గవనాల వర్ణనలో దాని పేరు రావడం వల్లా మనకు ఆ పేరంటే గౌరవం. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతంలో దోఆన్ లోయ ఈ తేనెకు ప్రసిద్ధి. రేగు పూత సంవత్సరంలో కొద్ది వారాలే ఉంటుంది. ఆ లోయలో పండేది కొంచెమే, ప్రపంచమంతటా దాన్ని అడిగేవారు కోకొల్లలు. ఆ రెంటి మధ్య ఖాళీని నింపేది ఏమిటో ఊహించుకోవచ్చు.

ఇక్కడ మోసం రెండంచెలుగా జరుగుతుంది. ఒకటి పాకం కలపడం. రెండోది, అసలు తేనెకే తప్పుడు ఊరి పేరు పెట్టడం. మన దేశంలోనూ రేగు చెట్లున్నాయి, వాటి మీద తేనె వస్తుంది. అది హలాల్ సరుకు, మంచి తేనె. కానీ దాన్ని యెమెన్ సిద్ర్ అని పదింతల ధరకు అమ్మితే అది మోసమే. రేగు జాతుల పుప్పొడి ఒకదాన్నొకటి చాలా దగ్గరగా పోలి ఉంటుంది కాబట్టి రేగు గింజలు కనిపించినంత మాత్రాన యెమెన్ అని తేలదు. దానితోపాటు ఉన్న మిగతా మొక్కల పుప్పొడి ఏ ప్రాంతానిదో చూడాలి. సీసా మీద ఖర్జూర చెట్టు బొమ్మ, ఆయతు, పచ్చరంగు చూసి తృప్తిపడేవారికి ఇవేవీ గుర్తుకురావు. ధర్మం పేరు తగిలించిన సరుకును మనం తక్కువగా ప్రశ్నిస్తామని వ్యాపారులకు తెలుసు. ఇది మాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

అమ్మేవారి మీద ఉన్న బాధ్యత

దైవప్రవక్త (స) బజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. ఆ తడిని జనానికి కనిపించేలా పైనే ఎందుకు ఉంచలేదని ఆయన (స) నిలదీశారు, మోసగించేవాడు తన వాడు కాదని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును గమనించండి. ఆ ధాన్యం నకిలీది కాదు, నిజమైన ధాన్యమే. తప్పల్లా లోపాన్ని అడుగున దాచడమే. కొనేవాడు, అమ్మేవాడు నిజం చెప్పి, లోపాలు వివరించుకుంటే ఆ బేరంలో శుభం ఉంటుందనీ, దాచితే శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ హజ్రత్ హకీం బిన్ హిజాం (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది.

తేనె విషయంలో ఒక సూక్ష్మం ఉంది. పూలు లేని రోజుల్లో ఈగలు చచ్చిపోకుండా పెంపకందారులు చక్కెర నీళ్లు పెడతారు. అది ప్రాణిపట్ల దయ, తప్పు కాదు. పూల కాలంలో కూడా పాకం పోసి, ఈగలు దాచినదాన్ని తీసి తేనెగా అమ్మితే? పట్టు అసలైనదే, ఈగ అసలైనదే, అందులో పువ్వు మాత్రం లేదు. పాలు ఎక్కువ ఇస్తుందని భ్రమ కలిగించడానికి పితకకుండా పొదుగు నింపి పశువును అమ్మడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. అలా కొన్నవాడికి తిరిగి ఇచ్చేసే హక్కునిచ్చారు. ఆ పొదుగుకూ ఈ పట్టుకూ పెద్ద తేడా మాకు కనిపించడం లేదు. ఈ కారణంగానే మా కళ్ల ముందు పట్టు పిండి ఇచ్చాడు కాబట్టి అసలైనదే అనుకోవడం కూడా పూర్తి నమ్మకం ఇవ్వదు.

జుమా నమాజు తర్వాత మసీదు గేటు దగ్గర కలోంజీ, తేనె పెట్టుకుని అమ్మే సోదరులు చాలామంది తాము కల్తీ చేయరు. టోకు బజారులో డబ్బా కొని సీసాల్లో నింపుతారు. వారికి మా మనవి ఒక్కటే. మీకు తెలిసినంతే చెప్పండి. టోకున కొన్నదాన్ని అడవి తేనె అనవద్దు. ఏ పువ్వుదో తెలియకపోతే తెలియదనండి.

కొనేవారు చేయగలిగింది

కొనేవారికి కూడా హద్దు ఉంది. అనుమానాల్లో అధిక భాగానికి దూరంగా ఉండమనీ, కొన్ని అనుమానాలు పాపమనీ సూరా అల్ హుజురాత్ 12వ ఆయత్ హెచ్చరిస్తోంది. అదే సూరాలోని 6వ ఆయత్ వార్త వచ్చినప్పుడు నిర్ధారించుకోమంటోంది, తెలియక ఇతరులకు నష్టం చేసి తర్వాత చింతించాల్సి వస్తుందని. గ్లాసు నీళ్ల వీడియో తీసి ఫలానా దుకాణంలో కల్తీ అని గ్రూపుల్లో పంపే ముందు ఈ రెండు ఆయతులు చదువుకోవాలి.

నిజంగా అనుమానముంటే చట్టం దారి చూపింది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం మామూలు కొనుగోలుదారు కూడా రుసుము కట్టి ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే దుకాణదారుకు తెలియజేయాలి. సరుకు చట్టానికి విరుద్ధమని తేలితే కట్టిన రుసుము తిరిగి వస్తుంది. హైదరాబాద్ నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉంది. ఒక్క ఇంటికి ఇది భారమనిపిస్తే, వీధిలోని పది ఇళ్లవారో, మసీదు కమిటీయో కలిసి తాము కొనే తేనెకు ఏడాదికోసారి చేయించవచ్చు. బిల్లు తీసుకోండి. సీసా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, నింపిన తేదీ చూడండి. చౌకగా వచ్చేదాన్ని అనుమానించడం కంటే, ఇంత చౌకగా ఎలా ఇవ్వగలుగుతున్నావని అడగడం మేలు. ఎక్కడ తీశారు, ఏ నెలలో తీశారు, అప్పుడు అక్కడ ఏ పూత ఉందని కూడా అడగండి. పెట్టెలు పెట్టి తీసేవాడు ఆగకుండా జవాబిస్తాడు.

పసిపిల్లల విషయంలో ఒక హెచ్చరిక

తేనె పుట్టిన బిడ్డ నాలుకకు రాయడం మన ఇళ్లలో ఉంది. అసలైన తేనె దొరికిందని సంతోషంతో మరీ రాస్తారు. ఇక్కడ అసలు, నకిలీ తేడా పనికిరాదు. ఏ కల్తీ లేని తేనెలో కూడా బొటులిజం అనే జబ్బు కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగుల్లో అవి మొలకెత్తవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం పుట్టించగలవు. తేనెను ఇంట్లో మరిగించినా ఆ బీజాలు చావవు. మలబద్ధకం, పాలు సరిగా చప్పరించలేకపోవడం, ఏడుపు నీరసంగా ఉండటం, మెడ, కాళ్లు చేతులు వేలాడటం దీని లక్షణాలు. అవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, బిడ్డకు తేనె పెట్టిన సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

తహ్‌నీక్ సున్నత్ కదా అని అడుగుతారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) పుట్టినప్పుడు, హజ్రత్ అబూ మూసా (రజి) కుమారుడు పుట్టినప్పుడు దైవప్రవక్త (స) తహ్‌నీక్ చేసింది ఖర్జూరంతో. డాక్టరును అడిగి, శుభ్రమైన చేతితో, మెత్తగా చేసిన ఖర్జూరపు తడి చుక్కంత చిగురుకు అంటిస్తే చాలు. తేనె సీసాను బిడ్డ మొదటి పుట్టినరోజు దాటేదాకా పై అరలో ఉంచండి.